ఎడమ అంచు

గౌరవనీయ చూపరి గారికి,

నమస్కారం. కొన్ని నెలల కిందట మీరు మా కార్యాలయానికి వచ్చి, తెర ముందు కూర్చుని, మంచాలూ బీరువాలూ అమ్మే ఒక దుకాణం వారి వెబ్ పేజీని చూసి వెళ్ళారు. మీరు చూస్తున్నంతసేపూ తెర కింద అమర్చిన చిన్న కెమెరా, మీ కళ్ళు పేజీలో ఎటునుంచి ఎటు నడిచాయో ఎర్రటి గీతగా గీసి దాచుకుంది. ఇటువంటి గీతలను చూసి మేము దుకాణాల వారికి ఏ బొమ్మ ఎక్కడ పెట్టాలో, ధర ఎక్కడ రాయాలో సలహా చెబుతాం.

మీ కళ్ళు మాకు ఎంతగానో ఉపయోగపడ్డాయి. కావున రెండో విడత పరీక్షకు కూడా మీరు మీ కళ్ళతో సహా హాజరు కావలసిందిగా కోరుతున్నాం. కళ్ళజోడు వాడుతున్నట్లయితే అది కూడా వెంట తెచ్చుకోగలరు.

మీ ఫోనుకు ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్ అని వస్తోంది. అందువల్ల ఈ ఉత్తరం.

ఇట్లు,
అధికారి, చూపుల పరీక్ష విభాగం

తా.క.: ఈసారి కూడా టీ, బిస్కెట్లు ఇవ్వబడును.

*

చూపుల ఆఫీసు బాబుగారికి,

ఇక్కడ మేమందరం బాగున్నాం. అక్కడ మీరూ, మీ ఆఫీసు వాళ్ళూ, మీ మిషనూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న ముక్క అది. ఉత్తరం ఎవరికి రాసినా ముందు క్షేమం రాయాలని మా పంతులుగారు చెప్పారు. నేను బడికి పోయింది కొద్దికాలమే. లెక్కలు రాలేదు, పద్యాలు రాలేదు, ఉత్తరం రాయడం ఒక్కటే వచ్చింది. క్షేమం రాయకుండా పని సంగతి ఎత్తుకుంటే ఆయన ఊరుకునేవారు కాదు. అందుకని రాశాను కానీ బాబూ, మేం బాగాలేం. మీరు ఉత్తరం రాసిన అమ్మాయి నా కూతురు. బుల్లి అని పిలుస్తాం. జ్వరమని పడుకుంది. మందేసుకుంది. పొద్దున్నకి తగ్గిపోతుందిలే అమ్మా, నువ్వు పడుకో అంది. తగ్గలేదు. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు వచ్చేసరికే అయిపోయింది. ఇప్పుడు లేదు బాబూ అది.

చెప్పుల దుకాణంలో పని చేసేది. రోజంతా జనం కాళ్ళ వంకే చూసే పిల్ల. దాని కళ్ళతో కూడా ఒకరికి పని పడిందని మీ ఉత్తరం చూశాకే తెలిసింది.

మీ ఉత్తరం మా తమ్ముడు పైకి చదివాడు. వాడు బస్సు కండక్టరు పని చేసి చేసి దిగిపోయాడు, ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు. చదివి, "కళ్ళు ఉపయోగపడ్డాయంటే ఏంటక్కా? తీసుకున్నారా?" అన్నాడు. "నోరు ముయ్యరా. చివరిదాకా దాని కళ్ళు దాని దగ్గరే ఉన్నాయి, నేను చూళ్ళేదూ?" అన్నాను.

"కళ్ళు అద్దెకిచ్చిందేమో. ఈ రోజుల్లో అన్నీ అద్దెకే" అన్నాడు. వాడి మాట పట్టించుకోకండి. టిక్కెట్లు కొట్టీ కొట్టీ వాడికి లోకంలో ప్రతిదానికీ చార్జీ ఉంటుందనిపిస్తుంది.

నాకొకటే కావాలి బాబూ. దాని కళ్ళు నడిచిన గీత మీ దగ్గరుందని రాశారు. నా దగ్గర దాని ఫోటోలున్నాయి. ఫోటోల్లో అది నా వంక చూస్తుంది. అది దేని వంక చూసిందో తెలిపేది మాత్రం నా దగ్గర ఏదీ లేదు. ఆ గీత ఒక్కసారి నాకు చూపిస్తారా? ముట్టుకోను. దూరం నుంచే చూస్తాను.

ఫోను స్విచాఫ్ ఎందుకంటే నేనే ఆపేశాను. మోగితే ఎత్తి చెప్పాలి కదా. నోటితో చెప్పడం నావల్ల కాదు. రాయడమైతే ఆగి ఆగి రాయొచ్చు.

ఇట్లు,
బుల్లి వాళ్ళ అమ్మ

తా.క.: అంటే మర్చిపోయాక గుర్తొచ్చిన మాట. మీ దగ్గరికి వచ్చిన రోజు అది రుమాల్లో బిస్కెట్లు మూటకట్టుకొచ్చింది నాకోసం. మీవే అన్నమాట. మెత్తబడ్డాయి కానీ బాగున్నాయి.

*

గౌరవనీయ చూపరి గారికి,

తామందరూ క్షేమమని తెలిసి మిక్కిలి సంతోషించాం. ఇక్కడ మేము క్షేమం. మిషను కూడా క్షేమం.

బెత్తం గురించి రాశారు. మా పరీక్షలో బెత్తం వాడే పద్ధతి లేదని హామీ ఇస్తున్నాం. చదువుతో కూడా పని లేదు. తెర వంక చూస్తే చాలు.

కళ్ళు అద్దెకివ్వడం గురించి ప్రస్తావించారు. క్షమించాలి, మా సంస్థ కళ్ళకు అద్దె చెల్లించదు. టీ, బిస్కెట్లు మాత్రమే.

మరొక ముఖ్య విషయం. మళ్ళీ వచ్చి పరీక్ష చేయించుకోని వారి పాత గీతలు ఈ నెలాఖరుకు మిషనులోంచి చెరిపివేయబడతాయి. చోటు చాలడం లేదు. కావున త్వరపడవలసిందిగా మనవి.

ఇట్లు,
అధికారి, చూపుల పరీక్ష విభాగం

తా.క.: కళ్ళజోడు మరచిపోవద్దు.

*

చూపుల ఆఫీసు బాబుగారికి,

ఇక్కడ మేమందరం బాగున్నాం. అక్కడ మీరూ బాగున్నారని తలుస్తాను. మీ మిషను క్షేమం తెలిసింది, సంతోషం.

"ఈసారి ఆ ముక్క రాయనురా, ఒళ్ళు మండిపోతోంది" అంటే మా తమ్ముడు ఒప్పుకోలేదు. "ఎంత కోపమున్నా ముందు టిక్కెట్టు కొట్టి ఆ తర్వాతే తిట్టాలక్కా. నా ఉద్యోగమంతా అలాగే చేశాను" అన్నాడు. సరే, కొట్టాను టిక్కెట్టు.

ఇంతకీ నా ఉత్తరం మీకు చేరిందా, దారిలో ఇంకెవరి ఉత్తరంతోనైనా కలిసిపోయిందా? పిల్ల లేదు అని రాస్తే త్వరపడమంటారేంటి బాబూ? ఎక్కడికని త్వరపడేది? దానికంటే ముందు పోవాల్సినదాన్ని నేను. అదే త్వరపడింది.

కళ్ళు మండుతున్నాయి నాకు. నేను హాస్టలు వంటింట్లో కూరగాయలు తరిగే పని చేస్తాను. ఉల్లిపాయలంటే అక్కడ అందరూ తప్పించుకుంటారు. ఇప్పుడు నేనే అడిగి ఆ బుట్ట నా ముందుకు లాక్కుంటున్నాను. ఉల్లిపాయల ముందు కూర్చున్న మనిషిని ఎందుకమ్మా కన్నీళ్ళు అని ఎవరూ అడగరు. మొన్న మాత్రం పెద్ద వంటావిడ వచ్చి, "ఏమే, ఇవాళ నువ్వు కోస్తున్నది బంగాళాదుంపలు కదే" అంది. అవి కూడా ఘాటుగానే ఉన్నాయి అన్నాను. ఆవిడ పోయి ఉల్లిపాయల బుట్ట తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళింది.

ఏడుపొస్తుంది మంచం చూస్తే. బుల్లి పడుకునే మంచం అలాగే ఉంది. అందులో పడుకోరా అంటే మా తమ్ముడు పడుకోడు. "నేల చల్లగా ఉంటుందక్కా" అంటాడు. చలిలో వణుకుతూ అంటాడు ఆ మాట.

మా తమ్ముడు మీ ఆఫీసుకు వస్తానంటున్నాడు. తన పాత టిక్కెట్ల మిషను తెచ్చి మీ బల్ల మీద ఒక్కటి కొట్టి, అప్పుడు మాట్లాడతాడట. నేనే ఆపాను. పాపం ఆ బాబుకి ఏదో పని ఒత్తిడి, మళ్ళీ రాద్దాం, చదువుతాడులే అన్నాను. వాడి మాట ఎలా ఉన్నా నా మాట ఒక్కటి వినండి. నెలాఖరుకి గీత చెరిపేస్తామని రాశారు. ఆ పని మాత్రం చెయ్యకండి. ఇంట్లో సూదిలో దారం ఎక్కించేది అదే. అంత చక్కటి చూపు. ఆ చూపు నడిచిన దారి ఒకటి మిగిలి ఉందని మీరే చెప్పి, మీరే చెరిపేస్తానంటే ఎలాగ?

ఇట్లు,
బుల్లి వాళ్ళ అమ్మ

తా.క.: కళ్ళజోడు తెమ్మని రెండుసార్లు రాశారు. దాని అవసరం ఎవరికుందో ఒకసారి మీ ఆఫీసులోనే వెతికి చూడండి.

*

గౌరవనీయ చూపరి గారికి,

మీ క్షేమ సమాచారం మళ్ళీ తెలిసి ఎంతో ఆనందించాం. మిషను క్షేమం గురించి మీరు చూపిన శ్రద్ధకు కృతజ్ఞతలు.

కళ్ళు మండుతున్నాయని రాశారు. మా కెమెరా వల్ల కళ్ళకు ఏ హానీ కలగదు. ఉల్లిపాయల వల్ల కావచ్చు. పరీక్షకు వచ్చే రోజున ఉల్లిపాయలు కోయవద్దని మనవి.

ఏడుపు విషయం. మంచాలు చూసి మీకు ఏడుపు వచ్చినందుకు విచారిస్తున్నాం. ధరల గురించి ఇదే మాట మరికొందరు చూపరులు కూడా అన్నారు. దుకాణం వారి దృష్టికి తీసుకువెళతాం.

మీ తమ్ముడు గారు మా కార్యాలయానికి రావడానికి ఉత్సాహపడటం చాలా సంతోషం. ఆయన సొంత మిషను తెచ్చుకోనక్కర్లేదు. ఇక్కడ ఉంది.

నెలాఖరు దగ్గర పడుతోంది. దయచేసి ఆలస్యం చేయవద్దు. జనం పేజీని ఎలా చూస్తారో వివరిస్తూ నేను స్వయంగా రాసిన చిన్న పుస్తకం జతపరుస్తున్నాను.

ఇట్లు,
అధికారి, చూపుల పరీక్ష విభాగం

తా.క.: పుస్తకాన్ని తొందరపడకుండా, మొదటినుంచి చివరిదాకా ప్రతి వరుసా చదవగలరు.

*

నా కూతురు చనిపోయింది. మీరు ఇన్నాళ్ళూ రమ్మంటున్నది ఆమెనే.
ఆమె చూపు గీత చెరపకండి. నాకు చూపించండి. నేను ఆమె తల్లిని.

రెండు వరుసలూ అయిపోయాయి. ఇక మీ కళ్ళు ఎటు పోయినా నాకు దిగులు లేదు. ఇప్పుడు నమస్కారం, చూపుల ఆఫీసు బాబుగారూ.

మీ పుస్తకం చదివాం. ప్రతి వరుసా చదివాం. మా తమ్ముడు పైకి చదువుతుంటే నేను విన్నాను. జనం వెబ్ పేజీలో మొదటి వరుస చివరిదాకా చదువుతారట. రెండో వరుస సగం దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతారట. ఆ తర్వాత గోడ పట్టుకుని మెట్లు దిగే ముసలాళ్ళలా ఎడమ అంచు పట్టుకుని కిందికి జారిపోతారట. కుడివైపు ఏముందో, అడుగున ఏముందో ఒక్కరికీ పట్టదట. ఎడమవైపు ఏ మాట కంటబడితే ఆ మాటే విషయం అనుకుంటారట.

"బస్సులోనూ అంతేనక్కా" అన్నాడు మావాడు. "ఎక్కినవాళ్ళంతా ముందు సీట్లు చూస్తారు. అవి నిండితే కమ్మీ పట్టుకుని తలుపు దగ్గరే వేలాడతారు. వెనకాల బస్సంతా ఖాళీ. జరగండయ్యా జరగండి అని అరిచి అరిచే నా గొంతు పోయింది."

అని, చదవడం ఆపేశాడు. నా మొహం చూశాడు. నేను వాడి మొహం చూశాను.

నేను మీకు రాసిన మొదటి వరుస ఏంటి బాబూ? మేమందరం బాగున్నాం అని. పంతులుగారు పోయి ఎన్నేళ్ళో అయినా ఆయన బెత్తానికి భయపడి, ప్రతి ఉత్తరంలోనూ నా కూతుర్ని నేనే బతికించి మీకు పంపాను. కింద ఏడుస్తూ రాసిందంతా వెనకాల ఖాళీ బస్సులో కూర్చుంది.

కాబట్టి తప్పు సగం నాది. మిగతా సగం మాత్రం మీదే. జనం ఇలా చదువుతారని పుస్తకం రాసింది మీరు. అచ్చం అలాగే చదివిందీ మీరే. రోగికి పత్యం చెప్పి, గదిలోకి పోయి మిఠాయి తినే డాక్టర్లా ఉంది మీ సంగతి.

ఇంకా నమ్మకం కుదరక ఎడమ అంచున కూడా రాసి పెడుతున్నాను.

చెరపకండి. పొయ్యి మీద పాలు పెట్టాను, చూసొస్తాను.
చెరపకండి. ఇంకా పొంగలేదు.
చెరపకండి. ఒకే మాట అన్నిసార్లు ఎందుకక్కా, సిరా దండగ అంటున్నాడు మావాడు.
చెరపకండి. సిరా వాడు కొన్నది కాదు.
చెరపకండి. పాలు పొంగిపోయాయి.

ఇట్లు,
బుల్లి వాళ్ళ అమ్మ

తా.క.: ఇక్కడిదాకా ఎవరి చూపూ రాదని మీ పుస్తకంలోనే ఉంది కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. మొద్దు వెధవ. హమ్మయ్య, ఇన్నాళ్ళకి కడుపు చల్లబడింది.

*

అమ్మా,

చదివాను. మొదటి వరుస దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. ఆ తర్వాత మీ పాత ఉత్తరాలు తీసి, ఒక్కొక్క వరుస కింద స్కేలు పెట్టుకుని, తా.క. దాకా చదివాను. మూడు తా.క.లూ చదివాను. మీరు అన్న మాట నిజమే.

మా ఆఫీసు ఉత్తరాల్లో ఇలాంటప్పుడు రాసే వాక్యం లేదు. విచారిస్తున్నాం అని నేను ఇదివరకే మంచాల ధరలకు వాడేశాను.

మీ అమ్మాయి గీత చెరపలేదు. చెరపను. మీరు ఎప్పుడైనా వచ్చి, ఎంతసేపైనా చూడొచ్చు. కానీ ఆశగా వచ్చి బాధపడతారేమోనని ముందే ఒక సంగతి చెబుతున్నాను. మా లెక్క ప్రకారం అది చెడిపోయిన పరీక్ష. ఆమె ఆ పేజీని సరిగా చూడలేదు. కాసేపు మంచం చూశారు, అంతలోనే చూపు ఎడమ అంచు దాటి బయటికి పోయింది. మళ్ళీ వచ్చి బీరువా చూశారు, మళ్ళీ బయటికి. మొత్తం అలాగే ఉంది. ఆ పక్క గోడకి గడియారం ఉంది. దాని కింద బల్ల దగ్గర కూర్చుని మిషను చూసుకునేది నేనే. విసుగుపుట్టి టైము చూసుకుంటున్నారని అప్పుడే అర్థమైంది నాకు. తప్పు ఆమెది కాదు. మంచాలూ బీరువాలూ ఎంతసేపని చూస్తారు? కళ్ళు ఎంతగానో ఉపయోగపడ్డాయని మర్యాదకి రాశాను.

మీరు వచ్చే రోజున నేను ఆఫీసులో ఉండను. బ్యాంకు పని ఉంది. టీ ఇచ్చే అమ్మాయికి మిషను నడపడం తెలుసు. అంతా చూపిస్తుంది.

ఇట్లు,
చూపుల ఆఫీసు మనిషి

తా.క.: మీ తమ్ముడు గారు కూడా రావచ్చు. ఆ టిక్కెట్ల మిషను మాత్రం ఇంట్లో పెట్టి రమ్మనండి.

*

నాయనా,

నువ్వెలా ఉన్నావు? ఊరికే రాసే మాట కాదు, నిజంగానే అడుగుతున్నాను.

మేం వచ్చి వెళ్ళాం. నువ్వు లేవు. నేను ఏ రోజు వస్తానో నాకే తెలియనప్పుడు ఆ రోజు నీకు బ్యాంకు పని ఉంటుందని ఎలా తెలిసిందని దారంతా మా తమ్ముడు నవ్వుతూనే ఉన్నాడు.

టీ ఇచ్చే అమ్మాయి మంచిది. నన్ను బుల్లి కూర్చున్న కుర్చీలోనే కూర్చోబెట్టింది. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాను. తెర మీద మంచాలూ బీరువాలూ వచ్చాయి. ఒక మంచం మీద ఎర్రటి చుక్క వచ్చి వాలింది. "అదేనండీ, ఆవిడ చూపు" అంది ఆ అమ్మాయి. మా తమ్ముడు "వచ్చిందక్కా, మన పిల్ల వచ్చింది" అని లేచి నిలబడ్డాడు. వచ్చిందో లేదో, ఆ చుక్క గబుక్కున ఎడమవైపుకి పరిగెత్తి పేజీలోంచి బయట పడింది. మళ్ళీ వచ్చి ఒక బీరువా మీద బుద్ధిగా నిలబడింది. నిలబడి నిలబడి మళ్ళీ జారుకుంది. "ధర కూడా చూడలేదక్కా, అసలు మన పిల్లేనా?" అన్నాడు మావాడు. మన పిల్లే. చిన్నప్పుడు పుస్తకం ముందేసుకుని కిటికీలోకి చూసేది, నేను దగ్గితే పుస్తకంలోకి వచ్చేది. అదే రాక, అదే పోక. నాకు నవ్వొచ్చింది నాయనా. పైకే నవ్వాను. అది పోయాక నా నవ్వు నేను వినడం అదే మొదలు.

తర్వాత నువ్వు చెప్పిన గడియారం కోసం చూశాను. అది ఎక్కడో పైకప్పుకి ఆనుకుని ఉంది. టైము చూడాలంటే మెడ ఎత్తాలి. బుల్లి గీత మెడ ఎత్తలేదు. తిన్నగా పోయింది, పక్కన కూర్చున్న మనిషి మొహమంత ఎత్తులో. అయినా మా పిల్ల టైము చూడటమేంటి? దుకాణం తెరిచే వేళకి ఇంట్లో జడ అల్లుకునే మనిషి అది.

మా తమ్ముణ్ణి పోయి నీ కుర్చీలో కూర్చోరా అన్నాను. టీ అమ్మాయిని మిషను పెట్టమన్నాను. పెట్టింది. కాసేపు మంచం చూసి, మావాడి మొహం వంక చూశాను. చూసి మళ్ళీ తెర చూశాను. నా గీత బుల్లి గీత నడిచిన దారినే నడిచి, అది దాటినచోటే అంచు దాటింది. మావాడేమో "ఏంటక్కా అలా చూస్తున్నావు, భయమేస్తోంది" అంటూ కుర్చీలో ముడుచుకుపోయాడు. ఆ తర్వాత తన గీత కూడా గీయమని పట్టుబట్టి గీయించుకున్నాడు. వాడి చుక్క నేరుగా మంచం ధర మీదికి పోయి కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

లేవబోతూ ఆ అమ్మాయిని అడిగాను, "అమ్మాయ్, రెండో విడతకి ఎంతమంది వచ్చారు?" అని.

"రెండో విడతా? అలాంటిదేం లేదండీ" అంది. "ఒక పేజీకి ఒక్కసారే పరీక్ష. చెడిపోయిన గీతలు ఆ రోజే తీసేస్తాం. ఇదొక్కటి సార్ ఎందుకో తీసేయనివ్వలేదు. అసలు మేం ఉత్తరాలే పంపమండీ. ఈ మధ్య సార్ తపాలా బిళ్ళలు కొనుక్కొస్తుంటే నాకే అర్థం కాలేదు."

మా తమ్ముడు నోరు తెరిచాడు. నేను వాడి కాలు తొక్కాను.

గడియారాన్ని కాదు నాయనా, అది నిన్ను చూసింది. పక్కన కూర్చుని నువ్వేమో తల వంచుకుని, దాని చూపు ఎటు పోతోందా అని మిషన్లో వెతుక్కుంటున్నావు. ఒక్కసారి తలెత్తి ఉంటే కనపడేది కదా.

ఆ రోజు ఇంటికొచ్చి, ఏం చూపించారే అంటే "మంచాలు" అంది. బాగున్నాయా అంటే "చాలా బాగున్నాయమ్మా" అంది. మంచాలకి అంత సంబరమేంటా అనుకున్నాను. కొన్నాళ్ళపాటు పోస్టుమాన్ వచ్చే వేళకి వాకిట్లో ఏదో ఒక పని పెట్టుకునేది. నేను పట్టించుకోలేదు. నువ్వేమో ధైర్యం చాలక రోజులు గడిపేసి, నేను ఫోను ఆపేశాక ఫోన్లు చేస్తూ కూర్చున్నావు కాబోలు. లేని విడత ఒకటి పుట్టించి నువ్వు ఉత్తరం రాసేసరికి ఇక్కడ అది లేదు. ఎవర్ని తిట్టను? మేమంతా బాగున్నాం అని నేను రాసిన ముక్క చదివి, నీకు అంతకంటే కావలసింది ఏముంది కనక, మిగతాది ఎందుకు చదువుతావు? ఇప్పుడు నీ మీద నాకు కోపం లేదు.

ఇంటికొచ్చాక ఏడ్చాను. ఉల్లిపాయలు పక్కన పెట్టుకోకుండానే ఏడ్చాను. ఇన్నాళ్ళూ నా పిల్ల రోజంతా జనం కాళ్ళు చూసి, ఇంటికొచ్చి పడుకుని, ఏ ముచ్చటా తెలియకుండా పోయిందని కుమిలిపోయాను. కాదట. అది ఒక మనిషిని దొంగచూపులు చూసిందట. ఆ మనిషి దాన్ని మళ్ళీ రమ్మన్నాడట. ఆలస్యంగా రమ్మన్నాడు, అంతే. ఈ రెండు మాటలూ మనసులో పెట్టుకుని రాత్రి నిద్రపోయాను. మావాడికి ఏమనిపించిందో, చాప చుట్టేసి పోయి దాని మంచం మీద పడుకున్నాడు.

ఆ గీత ఉంచుకుంటావో చెరుపుకుంటావో ఇక నీ ఇష్టం. అది నీదే. నాకు ఇంకొకటి కావాలి. నా కూతురు ఎటు చూసిందో చూశాను. ఏం చూసిందో కూడా చూడాలని ఉంది. ఆ రోజు వేసుకున్న చొక్కా గుర్తుంటే అదే వేసుకుని ఒకసారి మా ఇంటికి రా. గుర్తు లేకపోతే ఏదో ఒకటి వేసుకో, మొహం మాత్రం అదే తీసుకురా. ఏమీ మాట్లాడక్కర్లేదు. నాకు ఎదురుగా కాదు, కాస్త ఎడమవైపున కూర్చో, చాలు.

ఇట్లు,
అమ్మ

తా.క.: ఏ రోజు వస్తావో ముందుగా రాయకు. రాశావంటే ఆ రోజు పొద్దుటినుంచీ నా కళ్ళు వాకిలి మీదే ఉంటాయి, కూర మాడిపోతుంది.